గోథమ్ 'రోమన్' కార్మైన్ ఫాల్కోన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాట్‌మన్ కథల్లో జోకర్ గురించి అడిగేవాళ్లకు కొదవ లేదు. ఇక్కడి ప్రశ్నలు మాత్రం జోకర్ రంగప్రవేశానికి ముందే గోథమ్ నగరాన్ని జేబులో వేసుకుని తిరిగిన మాఫియా డాన్ గురించి. ఒక హెచ్చరిక: ఈ డాన్ పతనం చెప్పే కామిక్స్ కథ 'ది లాంగ్ హాలోవీన్' ఇంకా చదవనివారు అది పూర్తి చేసుకుని రావడం మంచిది. హంతకులెవరో, పోయినవారెవరో ఏదీ దాచలేదు.

అసలు కార్మైన్ ఫాల్కోన్ ఎవరు?

డీసీ కామిక్స్ ప్రచురించే బ్యాట్‌మన్ కథల్లో గోథమ్ నగరపు ఇటాలియన్ మాఫియాకు పెద్ద. అందరూ 'ది రోమన్' అంటారు. తండ్రి విన్సెంట్ ఫాల్కోన్ నుంచి ముఠా వారసత్వంగా వచ్చింది. మరోనీ కుటుంబంతో పాత పగ. కార్మైన్ దగ్గర మారువేషం లేదు, వింత ఆయుధం లేదు. మంచి సూటు, పెద్ద బంగళా, పోలీసు కమిషనర్‌తో భోజనం చేసేంత చనువు ఉన్నాయి. బ్యాట్‌మన్ శత్రువుల పట్టికలో ఇంత సాదాసీదా మనిషి ఇంకొకరు దొరకడం కష్టం. నాకు ఆ పట్టికలో అందరికంటే ఆసక్తి కలిగించేదీ ఈయనే.

మొదట ఏ కథలో కనిపించాడు?

1987 ఫిబ్రవరి తేదీతో వచ్చిన బ్యాట్‌మన్ 404వ సంచికలో. ఫ్రాంక్ మిల్లర్ రాసి, డేవిడ్ మాజూకెల్లీ బొమ్మలు గీసిన 'ఇయర్ వన్' కథ అక్కడ మొదలై, నాలుగు సంచికలు నడిచి 407తో ముగుస్తుంది. అంతకు ముందే డీసీ సంస్థ దశాబ్దాల చిక్కుముడులన్నీ చెరిపేసి తన కథాలోకాన్ని కొత్తగా మొదలుపెట్టింది. బ్యాట్‌మన్ తొలి ఏడాదిని మళ్లీ రాసే అవకాశం అలా వచ్చింది. మిల్లర్ ఆ తొలి ఏడాదిలో ముసుగు విలన్లకు దాదాపు చోటివ్వలేదు. అవినీతి పోలీసులు, నగర పెద్దలు, వారి వెనక రోమన్: పోరు వీరితోనే.

నిజానికి ఆ కథలో ఫాల్కోన్ కనిపించే పేజీలు తక్కువ. అయినా అతని నీడ పడని పేజీ ఉండదు.

బ్యాట్‌మన్ కథల్లో అంతకు ముందు మాఫియా లేదా?

ఉంది. 1939లో బ్యాట్‌మన్ పుట్టిన కొత్తలో తలపడింది ఎక్కువగా మామూలు దొంగలతో, తుపాకీ ముఠాలతోనే. 1942 ఆగస్టు సంచికలో 'బాస్ మరోనీ' అనే ముఠా నాయకుడు కోర్టు బోనులోంచి ప్రాసిక్యూటర్ ముఖం మీద యాసిడ్ చల్లుతాడు. ఆ ప్రాసిక్యూటరే సగం ముఖం కాలిన విలన్ టూ-ఫేస్ అవుతాడు. తర్వాత 1977లో రూపర్ట్ థోర్న్ అనే అవినీతి రాజకీయ నాయకుడు వచ్చాడు. ఫాల్కోన్ ప్రత్యేకత ఏమిటంటే, నగరం మొత్తం ఇతని అరచేతిలో ఉన్నట్టు చూపించడం. పాతవాళ్లలో చాలామంది ఒక సంచికలో వచ్చి ఒక సంచికలో పోయే దొంగలు. ఇతను ఒక వ్యవస్థ.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 'ఇయర్ వన్' వెలువడుతున్న రోజుల్లోనే న్యూయార్క్‌లో అసలు మాఫియా పెద్దల మీద కేసులు తీర్పుకొచ్చాయి. 'కమిషన్ కేసు'గా పేరుపడ్డ విచారణలో మూడు మాఫియా కుటుంబాల అధిపతులకు 1987 జనవరిలో తలా వందేళ్ల జైలుశిక్ష పడింది. ఆనాటి అమెరికా పాఠకుడికి ఫాల్కోన్ లాంటి మనిషి వార్తల్లో రోజూ కనబడే మనిషే.

అతనికి అతీత శక్తులేమైనా ఉన్నాయా?

లేవు. అవసరమూ రాలేదు.

మరి అతని బలం ఎక్కడుంది?

ఇదే అసలు ప్రశ్న. 'ఇయర్ వన్'లో ఒక విందు దృశ్యం ఉంది. నగర పెద్దలంతా బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. కమిషనర్ లోబ్ ఉంటాడు, అదే బల్ల దగ్గర ఫాల్కోనూ ఉంటాడు. ఎవరూ దొంగచాటుగా రాలేదు, ఎవరి ముఖంలోనూ బెరుకు లేదు. ఉన్నట్టుండి దీపాలు ఆరిపోతాయి, గోడ పేలుతుంది, పొగలోంచి బ్యాట్‌మన్ నడిచి వస్తాడు. గోథమ్ సంపదను మీరు కడుపునిండా తిన్నారు, మీ విందు ముగియబోతోంది, ఇక మీలో ఎవరికీ రక్షణ లేదు అని చెప్పి వెళ్లిపోతాడు. అంతవరకు బ్యాట్‌మన్‌ను పెద్దగా పట్టించుకోని కమిషనర్ ఆ రాత్రి నుంచి అతన్ని పట్టుకోవడమే పనిగా పెట్టుకుంటాడు. చిల్లర దొంగలను కొట్టినంతకాలం బ్యాట్‌మన్‌తో పోలీసు శాఖకు ఇబ్బంది లేదు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల జోలికి వచ్చాకే అతను నేరస్తుడయ్యాడు. ఫాల్కోన్ బలం ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క మలుపు చాలు.

'ది లాంగ్ హాలోవీన్'లో ఈ వల ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తన నల్లధనాన్ని గోథమ్ సిటీ బ్యాంకు ద్వారా తెల్లగా మార్చుకోవాలని చూస్తాడు. బ్యాంకు పాలకమండలిలో ఉన్న బ్రూస్ వేన్ (బ్యాట్‌మన్ ముసుగు వెనకున్న మనిషి ఇతనే) ఒప్పుకోడు. బ్యాంకు అధ్యక్షుణ్ణి చంపిస్తారు. బ్రూస్‌ను లొంగదీయడానికి పాయిజన్ ఐవీ అనే విలన్‌ను ప్రయోగిస్తారు. ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ కార్యాలయంలో సొంత సహాయకుడే రోమన్ మనిషి. కోర్టులో డెంట్ ముఖం కాల్చిన యాసిడ్ ఆ సహాయకుడి చేతుల మీదుగానే మరోనీకి చేరింది. కంచే చేను మేయడమంటే ఇదే.

చెంప మీద ఆ గీతలు ఎలా వచ్చాయి?

ముసుగు దొంగ క్యాట్‌వుమన్ గోళ్లు. 'ఇయర్ వన్'లో ఫాల్కోన్ బంగళాలో నిజాయితీగల పోలీసు అధికారి గోర్డన్ కుటుంబాన్ని ఎలా దెబ్బతీయాలా అని మంతనాలు జరుగుతుంటాయి. బయట నక్కి బ్యాట్‌మన్ వింటుంటాడు. సరిగ్గా అప్పుడే క్యాట్‌వుమన్ లోపలికి దూకి, కాపలావాళ్లను చితకబాది, పెద్దాయన ముఖం గీరేస్తుంది. తర్వాతి కథలన్నింటిలో ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. బ్యాట్‌మన్‌తో ఏడాదంతా పోరాడినా ముఖం మీద శాశ్వతంగా మిగిలిన గాయం వేరొకరిది కావడం నాకు భలే నచ్చుతుంది.

ఆ మంతనాల ఫలితం వేరే. ఫాల్కోన్ మేనల్లుడు జానీ వీటీ గోర్డన్ పసికందును ఎత్తుకుపోతాడు. వంతెన మీద పెనుగులాటలో బిడ్డ కింద పడిపోతుంటే, ముసుగు లేని బ్రూస్ దూకి పట్టుకుంటాడు. ఎదుట నిలబడ్డ మనిషి ఎవరని ఆరా తీయకుండా, కళ్లద్దాలు లేకపోతే తనకు ఏమీ కనిపించదని గోర్డన్ అంటాడు. నిజంగా కనిపించలేదా అన్నది పాఠకుడికే వదిలేశారు.

ఇతను ప్రసిద్ధ మాఫియా సినిమాల నకలు కాదా?

'ఇయర్ వన్'లో అంతగా కాదు. 'ది లాంగ్ హాలోవీన్'లో మాత్రం అవును, అదీ దాచుకోకుండా. రచయిత జెఫ్ లోబ్, చిత్రకారుడు టిమ్ సేల్ 1996-97లో పదమూడు సంచికలుగా తెచ్చిన ఆ కథ జానీ వీటీ పెళ్లితో మొదలవుతుంది. బయట పెళ్లి సందడి, లోపల చీకటి గదిలో డాన్‌తో బేరసారాలు. మొదటి మాట బ్రూస్ వేన్ నోట వస్తుంది: గోథమ్ మీద నాకు నమ్మకముంది అని. 1972 నాటి 'గాడ్‌ఫాదర్' చిత్రం అమెరికా మీద నమ్మకం గురించిన మాటతో, కూతురి పెళ్లితో మొదలవుతుంది. పాఠకుడు గుర్తుపట్టాలనే అలా చేశారు. తెలిసినవారికి నమస్కారం పెట్టినట్టే తప్ప దొంగతనం అనిపించదు.

నకలు అనేవారు ఒక తేడా గమనించరు. ఆ చిత్రంలో మాఫియా కుటుంబం కథకు కేంద్రం, దాని వైపు నుంచే మనం లోకాన్ని చూస్తాం. ఇక్కడ ఆ కుటుంబం అస్తమిస్తోంది, దాని స్థానంలోకి పిచ్చివాళ్లు వస్తున్నారు. ఆ మార్పుకు డాన్ స్వయంగా తలుపు తీస్తాడు.

తలుపు తీయడమంటే?

'హాలిడే' అనే హంతకుడు పండుగకొకరి చొప్పున ఫాల్కోన్ మనుషులను చంపుతుంటాడు. హాలోవీన్ నాడు స్నానాల తొట్టిలో జానీ వీటీ. థాంక్స్‌గివింగ్ నాడు, డెంట్ ఇంటిని పేల్చడానికి రోమన్ పురమాయించిన ఐరిష్ ముఠా. క్రిస్మస్‌కు అంగరక్షకుడు. తర్వాత హంతకుడి చూపు మరోనీ ముఠా వైపు మళ్లుతుంది. హంతకుడెవరో కనిపెట్టమని ఫాల్కోన్ పొడుపుకథల విలన్ రిడ్లర్‌ను పిలిపిస్తాడు. సొమ్ము కావలసివచ్చి స్కేర్‌క్రో, మ్యాడ్ హ్యాటర్ అనే మారువేషాల విలన్లతో బ్యాంకు దోపిడీ చేయిస్తాడు. కథ మొదట్లో ముసుగులవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. అవసరం కొద్దీ ఒక్కొక్కరినీ ఇంట్లోకి రానిస్తూ పోతాడు. చివరికి వాళ్లంతా ఒకేసారి వచ్చి ఆ గదిలో నిలబడతారు. ఆ రోజు వాళ్లను ఆయన పిలవలేదు.

ఇందులో బ్యాట్‌మన్ పాత్ర కూడా తక్కువ కాదు. గోర్డన్, డెంట్, బ్యాట్‌మన్ పోలీసు భవనం పైకప్పు మీద ఒప్పందం చేసుకుంటారు: చట్టాన్ని వంచవచ్చు, విరగ్గొట్టకూడదు. ఆ తర్వాత బ్యాట్‌మన్, డెంట్ కలిసి గిడ్డంగిలో గుట్టలుగా పేర్చిన రోమన్ డబ్బును తగలబెడతారు. డెంట్ పతనానికి తొలి మెట్టు ఆ మంటేనని నా అభిప్రాయం. చాలామంది యాసిడ్‌ను తప్పుపడతారు. యాసిడ్ ముఖాన్ని మార్చింది, అంతే.

వేన్ కుటుంబంతో ఫాల్కోన్‌కు ఏమి సంబంధం?

ప్రాణదానం. బ్రూస్ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ఒక రాత్రి విన్సెంట్ ఫాల్కోన్ నెత్తురోడుతున్న కొడుకును తీసుకుని వేన్ బంగళా తలుపు తడతాడు. కాల్చింది లుయీజీ మరోనీ. ఆసుపత్రికి తీసుకెళ్లమంటే విన్సెంట్ వినడు. డాక్టర్ థామస్ వేన్ భోజనాల బల్ల మీదే పడుకోబెట్టి తూటా తీస్తాడు, ఇంటి సేవకుడు ఆల్‌ఫ్రెడ్ సాయం చేస్తాడు. మెట్ల మీద నిలబడి బ్రూస్ అంతా చూస్తాడు. ప్రతిఫలం ఇస్తామంటే థామస్ తీసుకోడు.

ఈ ఘట్టంలో ఎవరూ తప్పు చేయలేదు. డాక్టరు ప్రాణం కాపాడాడు. కానీ ఆ రాత్రి ఆయన చేతులు కాపాడిన మనిషే నగరాన్ని మింగాడు. పెద్దయ్యాక బ్రూస్‌ను ఈ ఆలోచన వదలదు. రోమన్‌తో వేన్ కుటుంబానికి చీకటి లావాదేవీలున్నాయన్న అనుమానంతో బ్రూస్‌ను అరెస్టు కూడా చేస్తారు. బ్యాట్‌మన్ కథల్లో తల్లిదండ్రుల హత్య దృశ్యాన్ని లెక్కలేనన్నిసార్లు గీశారు. తల్లి మెడలోని ముత్యాల దండ తెగి రాలడం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. థామస్ వేన్ ఎలాంటి మనిషో చెప్పడానికి ఈ భోజనాల బల్ల ఘట్టమే నాకు ఎక్కువ.

ఫాల్కోన్‌ను చంపింది ఎవరు?

టూ-ఫేస్, అంటే యాసిడ్ దాడి తర్వాతి హార్వీ డెంట్. హాలోవీన్ రాత్రి జోకర్, పెంగ్విన్ తదితరులను వెంటేసుకుని వచ్చి, నాణెం ఎగరేసి, రెండు తూటాలు దించుతాడు. న్యాయస్థానంలో నెగ్గలేని కేసును ప్రాసిక్యూటర్ అలా ముగించాడు. రోమన్ కూతురు సోఫియా అదే గొడవలో క్యాట్‌వుమన్‌తో పెనుగులాడుతూ భవనం మీది నుంచి కింద పడుతుంది.

అయితే హాలిడే హంతకుడు ఎవరు?

పట్టుబడింది రోమన్ చిన్న కొడుకు ఆల్బెర్టో. కొత్త సంవత్సరం రాత్రి చనిపోయాడని అందరూ నమ్మినవాడు. ముఠా వ్యాపారంలోకి తండ్రి రానివ్వలేదన్న కోపం. కానీ హంతకులు ఇద్దరని టూ-ఫేస్ అంటాడు, చివరి పేజీల్లో డెంట్ భార్య గిల్డా తొలి మూడు హత్యలు తనవేనన్నట్టు మాట్లాడుతుంది. ఆమె మాట నమ్మాలా వద్దా అని పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నేను నమ్మే పక్షం. తుపాకీ ఎవరి ఇంట్లో ఉందో వెనక్కి తిప్పి చూడండి.

మిగతా కుటుంబం సంగతి?

చెల్లెలు కార్లా వీటీ, జానీ తల్లి. రోమన్ పుట్టినరోజు నాడే హాలిడే చేతిలో పోయింది. పెద్ద కొడుకు మారియో సక్రమ వ్యాపారం చేస్తానంటూ 'డార్క్ విక్టరీ'లో తిరిగొస్తాడు. 1999-2000లో లోబ్, సేల్ తెచ్చిన ఈ కొనసాగింపులో అందరినీ మించినది సోఫియా. పైనుంచి పడ్డాక చక్రాల కుర్చీకే పరిమితమైనట్టు కనిపిస్తుంది. పోలీసులను వరసగా ఉరితీస్తున్న 'హ్యాంగ్‌మ్యాన్' ఆమేనని చివర్లో తెలుస్తుంది. నడవలేకపోవడం అంతా నటన.

ఆమె పూర్తి పేరు సోఫియా జిగాంటే ఫాల్కోన్. న్యూయార్క్‌లో విన్సెంట్ జిగాంటే అనే నిజమైన మాఫియా పెద్ద ఉండేవాడు. స్నానం గౌను తొడుక్కుని వీధుల్లో గొణుక్కుంటూ తిరిగి, ఏళ్ల తరబడి పిచ్చి నటించి కోర్టును తప్పించుకున్నాడు. అదంతా నటనేనని 2003లో తానే ఒప్పుకున్నాడు. రచయిత కావాలనే ఆ పేరు పెట్టాడని నేను అనను. ఆ పేరున్న స్త్రీ వైకల్యం నటించడం చదివినప్పుడు మాత్రం నవ్వొచ్చింది.

క్యాట్‌వుమన్ అతని కూతురేనా?

కామిక్స్‌లో తేల్చి చెప్పలేదు. సెలీనా కైల్ (క్యాట్‌వుమన్ అసలు పేరు) రోమన్ ఇంటి చుట్టూ ఎందుకు తిరుగుతోందన్న ప్రశ్న 'ది లాంగ్ హాలోవీన్' పొడుగునా ఉంటుంది. తన తండ్రి ఆయనేనా అని తెలుసుకోవడానికే ఆమె ఇటలీ వెళ్లడం 2004లో వచ్చిన 'వెన్ ఇన్ రోమ్' కథ. అక్కడా రుజువు దొరకదు. 2022 చిత్రం 'ది బ్యాట్‌మన్' మాత్రం అవునని సూటిగా చెప్పేసింది. అనుమానంగా ఉన్నప్పుడే ఆ బంధం బాగుండేది.

జడ్జి ఫాల్కోన్ అనే పేరు విన్నాను. ఇతనేనా?

కాదు, దయచేసి కలపకండి. జొవాన్నీ ఫాల్కోన్ సిసిలీలో మాఫియాను వణికించిన నిజమైన న్యాయాధికారి. 1986లో పలెర్మోలో మొదలైన 'మహా విచారణ'కు ఆధారాలు కూర్చినవారిలో ముఖ్యుడు. 1987 డిసెంబరులో ఆ విచారణ ముగిసేసరికి మూడు వందల మందికి పైగా దోషులుగా తేలారు. 1992 మే 23న కపాచీ దగ్గర రహదారి కింద బాంబు పెట్టి ఆయన్ను, ఆయన భార్యను, ముగ్గురు రక్షకభటులను మాఫియా చంపింది. కల్పిత డాన్‌కు, మాఫియా చేతిలో బలైన న్యాయాధికారికి ఒకే ఇంటిపేరు. రెండు పేర్లూ ఒకే ఏడాది చలామణిలో ఉన్నాయి: ఒకటి కామిక్స్‌లో, ఇంకొకటి కోర్టులో.

మార్వెల్ కింగ్‌పిన్‌తో పోలిస్తే?

విల్సన్ ఫిస్క్ అలియాస్ కింగ్‌పిన్ 1967లో స్పైడర్‌మన్ కథలో వచ్చాడు. భారీకాయుడు, స్పైడర్‌మన్‌తో చేతులతోనే కలబడగలడు. ఫాల్కోన్ జీవితంలో అలా కలబడలేదు. ఫిస్క్ ఇటాలియన్ మాఫియా మనిషి కూడా కాదు. మార్వెల్ కథల్లో మాఫియా పాత్ర పోషించేది 'మగ్గియా' అనే కల్పిత సంస్థ. బలం ఫిస్క్‌ది, వాస్తవికత ఫాల్కోన్‌ది.

తెర మీద ఎవరు బాగా చేశారు?

2005 చిత్రం 'బ్యాట్‌మన్ బిగిన్స్'లో టామ్ విల్కిన్సన్. ఒక్క హోటలు దృశ్యం చాలు. చుట్టూ జడ్జీలు, పోలీసులు భోజనం చేస్తుండగా, వాళ్ల ఎదుటే నిన్ను కాల్చినా ఎవరూ కదలరని కుర్ర బ్రూస్‌కు చెబుతాడు. 'ఇయర్ వన్' విందు స్ఫూర్తి మొత్తం అందులో ఉంది. తర్వాత బ్యాట్‌మన్ అతన్ని సర్చ్‌లైట్‌కు కట్టేస్తే మబ్బుల మీద గబ్బిలం నీడ పడుతుంది. అక్కడి నుంచి పాత్రను త్వరగా వదిలించుకున్నారు.

2014లో మొదలైన 'గోథమ్' ధారావాహికలో జాన్ డోమన్ పెద్దమనిషి తరహాలో చేశాడు. 2022లో జాన్ టర్టూరో నల్లద్దాలు పెట్టుకుని, గొంతు పెంచకుండా భయపెట్టాడు. అందులో డానే పోలీసుల ఇన్‌ఫార్మర్. ప్రత్యర్థి మరోనీని పట్టించి రాజ్యం సంపాదించినవాడు. 2024 నాటి 'ది పెంగ్విన్'లో ఆ పాత్ర మార్క్ స్ట్రాంగ్‌కు వెళ్లింది. స్త్రీలను గొంతు నులిమి చంపి, ఆ నేరాన్ని కూతురు సోఫియా మీదికి నెట్టి పిచ్చాసుపత్రికి పంపిన తండ్రిగా చూపించారు. అక్కడ కథంతా క్రిస్టిన్ మిలియోటీ చేసిన సోఫియాదే. ఆ నటనకు 2025లో ఎమ్మీ పురస్కారం వచ్చింది.

అయితే చేతులతో గొంతు నులిమే డాన్ నాకు రుచించలేదు. రోమన్ చేతికి మట్టి అంటదు. ఆయన భయంకరత్వమే అది.

కామిక్స్‌లో మళ్లీ బతికాడా?

లోబ్, సేల్ కథల వరసలో లేదు. 'డార్క్ విక్టరీ'లో శవాన్ని కూడా సమాధిలోంచి ఎత్తుకుపోతారు గానీ మనిషి తిరిగి రాడు. డీసీ 2011లో కథాలోకాన్ని మరోసారి మార్చాక, 2014లో వారంవారం వచ్చిన 'బ్యాట్‌మన్ ఎటర్నల్'లో హాంకాంగ్ నుంచి గోథమ్‌కు దిగుతాడు. వచ్చినవాడు మేయరు అండతో పాత పద్ధతిలోనే పోలీసు శాఖను చేతిలోకి తీసుకుంటాడు. కొంత దూరం నడిచాక కథ ఇతన్ని పక్కకు నెట్టి వేరే విలన్ల వైపు పోతుంది.

కమిషనర్ లోబ్‌కూ రచయిత లోబ్‌కూ చుట్టరికమా?

లేదు. కమిషనర్ పాత్రకు మిల్లర్ ఆ పేరు పెట్టేనాటికి జెఫ్ లోబ్ ఈ కథల దరిదాపుల్లో లేడు.

ఏ వరసలో చదవాలి?

'ఇయర్ వన్', 'ది లాంగ్ హాలోవీన్', 'డార్క్ విక్టరీ'. మూడూ సంకలనాలుగా దొరుకుతాయి. 'ఇయర్ వన్' ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది, మిగతా రెండూ లావుపాటి పుస్తకాలు. 'ది లాంగ్ హాలోవీన్'ను తెరచి మొదట మాటలు చదవకుండా బొమ్మలు మాత్రం చూడమని నా సలహా. టిమ్ సేల్‌కు రంగుల అంధత్వం ఉండేది. అందుకేనేమో నలుపు తెలుపులతోనే అంత పని చేయించాడు, రంగులు గ్రెగరీ రైట్ అద్దాడు. ఫాల్కోన్ కూర్చున్న గదుల్లో సగం ఎప్పుడూ నల్లగా ఉంటుంది. సేల్ 2022లో మరణించాక, 2024లో లోబ్ వేర్వేరు చిత్రకారులతో 'ది లాస్ట్ హాలోవీన్' మొదలుపెట్టాడు. అది ఈ మూడూ అయ్యాకే. 'వెన్ ఇన్ రోమ్' వదిలేసినా నష్టం లేదు, క్యాట్‌వుమన్ అభిమానులైతే తప్ప.